పుల్లల ఇల్లు

ఎండాకాలం. మధ్యాహ్నం వేళ. వీధిలో గంట మోగింది. పుల్ల ఐసు బండి వచ్చింది. పిల్లలు పరుగెత్తారు. ఐసు అయిదు నిమిషాల్లో అయిపోయింది. చేతిలో పుల్ల మిగిలింది. దాన్ని అక్కడే పారేసి ఆటకు పోయారు.

ఆ పుల్ల దేనికి పనికొస్తుంది? ఒక్క పుల్ల దేనికీ పనికిరాదు. తొంభై పుల్లలు పోగు చేస్తే ఒక చిన్న ఇల్లు తయారవుతుంది. గోడలు, గుమ్మాలు, కిటికీలు, పైకప్పు అన్నీ ఉన్న ఇల్లు. పిల్లల ఆటకు బాగుంటుంది. బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు. కాని దాంతో ఇంకో పెద్ద పని కూడా ఉంది. కట్టబోయే అసలు ఇల్లు ఎట్లా ఉంటుందో ముందే కళ్ళతో చూసుకోవచ్చు.

ఈ పుల్ల ఐసుకు ఒక కథ చెబుతారు. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే 11 ఏళ్ళ కుర్రవాడు ఉండేవాడు. ఒక రాత్రి గ్లాసులో తియ్యటి పానీయం కలిపాడు. కలిపిన పుల్ల అందులోనే వదిలేసి, గ్లాసు బయట మరిచిపోయాడు. చలికి అది గడ్డ కట్టింది. పొద్దున పుల్ల పట్టుకుని లాగితే ఐసు బయటికి వచ్చింది. పెద్దయ్యాక, 1924లో, దాని మీద హక్కు రాయించుకున్నాడు. మన ఊళ్ళో అట్లా మరిచిపోతే గడ్డ కట్టదు, చీమలు పడతాయి.

ముగ్గు పోసే ముందు

ఒక ఊళ్ళో ఒక కుటుంబం ఉందనుకోండి. మొగుడు, పెళ్ళాం, అత్త, ఇద్దరు పిల్లలు. రెండు సెంట్ల జాగా ఉంది. తూర్పు పడమర 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 29 అడుగులు. అంటే 870 చదరపు అడుగులు. తూర్పున వీధి. ఇంటికి డబ్బు మంజూరయింది. మేస్త్రి వచ్చాడు.

"వీధి వెంట పొడుగ్గా కట్టేద్దాం. గుమ్మం తూర్పుకి. రెండు గదులు. రేపే ముగ్గు పోస్తా" అన్నాడు మేస్త్రి.

మొగుడు సరేనన్నాడు. అత్త సరేనంది. ఆమె మాత్రం ఏమీ అనలేదు. వంట ఎక్కడో, గాలి ఎటు నుంచి వస్తుందో ఆమెకు తెలియలేదు. నేల మీద ముగ్గు గీతలు చూస్తే గది ఎంత ఉంటుందో చాలామందికి అందదు. గోడలు లేచాక తెలుస్తుంది. అప్పుడు తెలిసి లాభం లేదు. పునాది తవ్వాక మార్చాలంటే కూలి మళ్ళీ ఇవ్వాలి. గోడ లేచాక మార్చాలంటే ఇటుక, సిమెంటు కూడా పోతాయి.

వాళ్ళ పెద్దపిల్ల ఎనిమిదో తరగతి. బడిలో పుల్లలతో ఇల్లు చేసింది. అది గూట్లో ఉంది. దాన్ని చూసి తల్లి అడిగింది.

"మన ఇల్లు కూడా ఇట్లా చేయగలవా?"

"కొలతలు చెబితే చేస్తానమ్మా."

"అన్నా, ఒక వారం ఆగు" అంది ఆమె మేస్త్రితో. మేస్త్రి నవ్వాడు. కాని ఆగాడు.

ఒక సెంటీమీటరు ఒక అడుగు

ఐసు పుల్ల పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. ఇది మంచి వీలు. ఒక సెంటీమీటరును ఒక అడుగు అనుకుంటే చాలు. ఒక పుల్ల పొడవు 11 అడుగుల గోడ అవుతుంది. తొమ్మిది పుల్లలు ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే 9 అడుగుల ఎత్తు అవుతుంది. మామూలు ఇంటి గోడ ఎత్తు ఇంచుమించు అంతే.

బడి పిల్లల స్కేలు పొడవు 30 సెంటీమీటర్లు. వాళ్ళ జాగా పొడవు 30 అడుగులు. అంటే జాగా అంతా స్కేలంత పొడవున్న అట్టముక్క మీద పడుతుంది. పటంలో ఊరును చిన్నదిగా చూపించినట్టే ఇదీ. ఎంత చిన్నది చేసినా అన్నిటినీ ఒకే లెక్కన చిన్నవి చెయ్యాలి. గది ఒక లెక్క, మంచం ఒక లెక్క అయితే మోసపోతాం.

అన్ని పుల్లలూ ఒకే వెడల్పు ఉండవు. కొన్ని సన్నవి ఉంటాయి. ముందు స్కేలు పెట్టి చూసుకోవాలి. సన్నవి అయితే తొమ్మిదికి బదులు పది పేర్చాలి. మొత్తం ఎత్తు 9 సెంటీమీటర్లు వస్తే సరి.

పుల్లల తయారీ

పిల్లలు పారేసిన పుల్లలైతే వేడినీళ్ళలో కాసేపు మరగబెట్టాలి. తీపి పోతుంది. లేకపోతే చీమలు వదలవు, బూజు కూడా పడుతుంది. తరువాత ఎండలో ఆరబెట్టాలి. పలచగా పరిస్తే వంకర పోవు. ఏరుకునే ఓపిక లేకపోతే పుస్తకాల షాపులో కొత్త పుల్లలు పాకెట్లుగా దొరుకుతాయి.

పుల్ల కొయ్యడం దగ్గరే ఎక్కువమంది విసుగుపడతారు. కత్తెరతో కత్తిరిస్తే పుల్ల నిలువునా చీలుతుంది. కొడవలితో కొడితే వేలు తెగుతుంది. ఆక్సా బ్లేడు మంచిది. కొయ్యాల్సిన చోట పెన్సిలుతో గీత గీయాలి. గీత మీద బ్లేడుతో రెండు వైపులా గాటు పెట్టాలి. తరువాత బల్ల అంచున పెట్టి వంచితే గాటు దగ్గర విరుగుతుంది. గరుకుగా ఉంటే గచ్చు మీద రుద్దాలి. బ్లేడు పని పెద్దవాళ్ళే చెయ్యాలి.

అతికించడానికి ఫెవికాల్ లాంటి తెల్లజిగురు కావాలి. మైదా జిగురు కాగితానికి సరే, పుల్లకు చాలదు. పైగా దాన్ని బొద్దింకలు తింటాయి. తెల్లజిగురు కూడా కొంచెమే పెట్టాలి. ఎక్కువ పెడితే ఎక్కువ అంటుకోదు, ఆలస్యంగా ఆరుతుంది. అరగంటలో పట్టు దొరుకుతుంది. గట్టిపడాలంటే ఒక రాత్రి కదపకుండా వదలాలి.

గోడలు

గోడలను నిలబెట్టి కట్టకూడదు. నేల మీద పడుకోబెట్టి పలకలుగా చెయ్యాలి. ఆ తరువాత నిలబెట్టాలి.

కింద పాత పాలిథిన్ కాగితం పరచాలి. లేకపోతే గోడ నేలకు అంటుకుంటుంది. దాని మీద తొమ్మిది పుల్లలు అడ్డంగా, పక్కపక్కన పేర్చాలి. చివరలు స్కేలుకు ఆనించి సమం చెయ్యాలి. ఇంకో రెండు పుల్లలను 9 సెంటీమీటర్లకు కోసి, వాటికి జిగురు రాసి, పేర్చిన పుల్లల మీద నిలువుగా అతికించాలి. పైన ఒక బరువు పెట్టాలి. పప్పు డబ్బా చాలు. ఇది ఒక పలక.

ఒక పలకకు 9 పుల్లలు, పైన 2 పుల్లలు. మొత్తం 11. రెండు గదుల ఇంటికి 7 పలకలు కావాలి. పొడుగు గోడలు రెండు, ఒక్కొక్కదానికి రెండు పలకలు. అవి నాలుగు. అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, మధ్య అడ్డగోడ ఒకటి. అవి మూడు. 7 పలకలకు 11 చొప్పున 77 పుల్లలు. వసారాకు, మంచానికి, విరిగిపోయేవాటికి ఇంకొన్ని. అందుకే తొంభై.

గుమ్మం 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అనుకుంటే, పలకలో కింది ఏడు పుల్లలను కొయ్యాలి. పై రెండూ నిండుగా ఉంచాలి. నిలువు పుల్లలను గుమ్మానికి అటూ ఇటూ వచ్చేటట్టు అతికించాలి. అవే ద్వారబంధం. కిటికీ నేలకు 3 అడుగుల పైన మొదలవుతుంది. కాబట్టి కింది మూడు పుల్లలు నిండుగా ఉండాలి. నాలుగో పుల్ల నుంచి ఏడో పుల్ల దాకా మధ్యలో 3 సెంటీమీటర్లు తీసెయ్యాలి. పేర్చేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి. అతికించాక కిటికీ కోయడం కష్టం. అసలు ఇంట్లో కూడా అంతే గదా.

పలకలు ఆరాక మూలమూలకు కలిపి నిలబెట్టాలి. మూల సరిగా ఉందో లేదో చూడటానికి పుస్తకం మూల ఆనిస్తే సరిపోతుంది. పుల్లల కొసలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి మూలల్లో సందులు వస్తాయి. విజయవాడ దగ్గరి కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళు చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపి మక్కు చేస్తారు. బొమ్మల అతుకులు దాంతోనే నింపుతారు. ఈ సందులకు కూడా అది బాగుంటుంది.

పైకప్పు మాత్రం అతికించవద్దు. 25 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్ట చాలు. మూతలాగా పెట్టాలి. దాని మీద పుల్లలు అతికిస్తే అందంగా ఉంటుంది. మూత ఎత్తితే లోపల కనిపించాలి. అసలు పని అక్కడే ఉంది.

ఇంట్లోకి సామాను

ఇల్లు ఖాళీగా ఉంటే పెద్దదిగా కనిపిస్తుంది. సామాను పెట్టాక తెలుస్తుంది. 6 సెంటీమీటర్ల పుల్ల ముక్కలు మూడు పక్కపక్కన అతికిస్తే మంచం. 5 సెంటీమీటర్ల ముక్క ఒకటి నిలబెడితే మనిషి. అట్టతో బీరువా. రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు అట్ట మడిస్తే వంటగట్టు.

పిల్ల మంచం చేసింది. అత్త దాన్ని తీసుకుని తలుపు పక్కన పెట్టింది.

"నా మంచం ఇక్కడే. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు కనపడాలి."

"తలుపు తీస్తే మంచానికి తగులుతుంది నాయనమ్మా" అంది పిల్ల.

నిజమే. తలుపు సగం కూడా తెరుచుకోలేదు. గుమ్మాన్ని ఒక అడుగు పక్కకు జరపాల్సి వచ్చింది. పుల్లల ఇంట్లో అది ఒక పూట పని.

ఎండ ఎటు?

సూర్యుడు చిన్న ఇంటికీ పెద్ద ఇంటికీ ఒక్కడే. పుల్లల ఇంటిని అసలు జాగాలో, అసలు ఇల్లు ఎటు తిరిగి ఉంటుందో అటే తిప్పి పెట్టాలి. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూడాలి. చిన్న ఇంటి ఏ గోడ మీద ఎండ పడితే పెద్ద ఇంటి ఆ గోడ మీదే పడుతుంది. నీడ కూడా అదే లెక్కన ఉంటుంది. దీనికి ఇంజనీరు అవసరం లేదు.

మేస్త్రి చెప్పినట్టు వీధి వెంట, అంటే ఉత్తర దక్షిణాలుగా పెట్టి చూశారు. నాలుగింటికి వెనక గోడ మొత్తం ఎండలో ఉంది. ఆ గోడ పొడవు 22 అడుగులు, ఎత్తు 9 అడుగులు. 198 చదరపు అడుగుల గోడ సాయంత్రం దాకా కాలుతుంది. పగలు తాగిన వేడిని గోడ రాత్రి ఇంట్లోకి వదులుతుంది. వేసవిలో రాత్రి పదింటికి కూడా కొన్ని ఇళ్ళలో పడుకోలేకపోవడానికి అదొక కారణం.

ఆమె వంగి, ఒక చేత్తో ఇంటిని తిప్పింది. ఇప్పుడు పొడుగు గోడలు ఉత్తరానికి, దక్షిణానికి వచ్చాయి. పడమటి ఎండకు 11 అడుగుల గోడ మాత్రమే ఎదురుగా ఉంది. 99 చదరపు అడుగులు. సగానికి సగం తగ్గింది. ఖర్చు మాత్రం పైసా పెరగలేదు. జాగా 30 అడుగులు, ఇల్లు 23 అడుగులు. తిప్పినా పడుతుంది.

"ఏమయ్యా, ఇట్లా కట్టుకుంటే ఏం పోయింది?" అంది.

"వీధి గుమ్మం పోయింది" అన్నాడు మొగుడు. అతనికి తూర్పు గుమ్మం కావాలి. రెండు రోజులు మాటలు లేవు.

మధ్యాహ్నం ఎండ సంగతి వేరు. వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కాలేది గోడ కాదు, పైకప్పు. ఇల్లు తిప్పితే అది తగ్గదు. స్లాబు మీద తెల్లసున్నం కొడితే కొంత తగ్గుతుంది. తెలంగాణలో 2023లో ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది.

పొగ పైకి, గ్యాసు కిందికి

ఇక వంటిల్లు. ఇంట్లో గొడవ ముదిరింది కూడా దీని దగ్గరే.

కట్టెల పొగలో ఏళ్ళ తరబడి వంట చేస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. కళ్ళలో శుక్లాలు పెరుగుతాయి. తల్లి దగ్గర కూచునే చిన్నపిల్లలకు నిమోనియా వచ్చే ప్రమాదం ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళకు గ్యాసు వచ్చింది. అయినా స్నానం నీళ్ళకు, పెద్ద వంటకు కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. రెండిటికీ తగినట్టు ఇల్లు ఉండాలి.

పొగ వేడిగా ఉంటుంది కాబట్టి పైకి పోతుంది. దానికి దారి గోడ పైభాగంలో ఉండాలి. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకయితే కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. దానికి దారి కింద ఉండాలి. కాబట్టి వంటింటికి పైన వెంటిలేటరు, కింద నేల దగ్గర ఒక చిన్న సందు, రెండూ కావాలి. సిలిండరును నిలబెట్టే ఉంచాలి. పొయ్యి గట్టు మీద, సిలిండరు కన్నా ఎత్తున ఉండాలి.

ఇల్లు తూర్పు పడమరలుగా తిరిగింది. ఒక గది తూర్పున, ఒకటి పడమరన. వంట ఎందులో? పొయ్యి ఆగ్నేయంలో ఉండాలని వాస్తు చెప్పేవాళ్ళు అంటారు. ఆ మాట అట్లా ఉంచి గాలిని చూసినా అదే తేలింది. వానాకాలంలో మన వైపు గాలి ఎక్కువగా పడమర నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. వంట పడమటి గదిలో ఉంటే పొగంతా గాలికి పక్క గదిలోకి వస్తుంది. తూర్పు గదిలో ఉంటే బయటికి పోతుంది.

పిల్ల ఒక అగరుబత్తి వెలిగించి పుల్లల ఇంట్లో పెట్టి చూసింది. అమ్మ పక్కనే నీళ్ళ చెంబుతో నిలబడింది. పుల్ల, అట్ట, జిగురు అన్నీ అంటుకునేవే కాబట్టి చెంబు ఉండాల్సిందే. చిన్న ఇంట్లో పొగ పోయినట్టే పెద్ద ఇంట్లో పోతుందని ఖాయంగా చెప్పలేం. కాని ఏ వైపు దారి ఉందో, ఎక్కడ సుడి తిరుగుతుందో తెలుస్తుంది. వంట పడమటి గదిలో అనుకుని అగరుబత్తి పెడితే అడ్డగోడ గుమ్మంలోంచి పొగ పక్క గదిలోకి వచ్చింది. తూర్పు గదిలో పెట్టి కిటికీ తెరిస్తే బయటికి పోయింది.

"బాగానే ఉంది. వీధిలో పోయేవాళ్ళందరూ మన పొయ్యి మీద ఏముందో చూస్తారా?" అంది అత్త.

ఆమె అడిగింది న్యాయమే. దానికి కూడా లెక్క ఉంది. కిటికీని 3 అడుగుల ఎత్తున కాకుండా 4 అడుగుల ఎత్తున పెట్టారు. ఇంటి పునాది వీధి కన్నా 2 అడుగుల ఎత్తు. రెండూ కలిపితే వీధి నుంచి 6 అడుగులు. పాత అట్టలు పేర్చి 2 సెంటీమీటర్ల అరుగు చేసి, ఇల్లు దాని మీద పెట్టి, బయట 5 సెంటీమీటర్ల పుల్ల మనిషిని నిలబెట్టారు. పుల్ల మనిషి తల కిటికీ అంచుకు అందలేదు. లోపల నిలబెడితే వీధి కనిపించే ఎత్తుకు వచ్చింది. అత్త పుల్ల మనిషిని తానే రెండుసార్లు అటూ ఇటూ పెట్టి చూసుకుంది. ఆ తరువాత ఏమీ అనలేదు.

గుమ్మాలు రెండూ ఉత్తరం గోడకు పెట్టారు, అడ్డగోడకు అటొకటి ఇటొకటి. వాటి ముందు 11 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు వసారా. ఉత్తరం వైపు కాబట్టి వసారాలో దాదాపు ఎప్పుడూ నీడే. మొగుడికి తూర్పు గుమ్మం పోయింది గాని, పగటిపూట కూచునే చోటు దొరికింది. వసారా మెట్లు తూర్పుకు తిప్పుతానని మేస్త్రి మాట ఇచ్చాడు.

రెండు గదులు 242, వసారా 55. మొత్తం 297 చదరపు అడుగులు. పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు ఉండాలి. వంట చోటు కూడా అందులోనే లెక్క. అంతకు ముందు ఇందిరా ఆవాస్ యోజనలో కనీసం 20 చదరపు మీటర్లు ఉండేది.

మరుగుదొడ్డి ఎక్కడ?

జాగాకు దక్షిణాన పక్కింటివాళ్ళ బోరు ఉంది. కంచె నుంచి 25 అడుగుల దూరం. మరుగుదొడ్డి గుంటకు, తాగేనీటి బోరుకు మధ్య 50 అడుగుల దూరం ఉంటే మంచిది. గుంటలో మురికి నేలలోకి ఇంకుతుంది. దగ్గరగా ఉంటే నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళు తాగితే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు రావచ్చు.

అట్టముక్క పక్కన 25 సెంటీమీటర్ల దూరంలో ఒక సీసా మూత పెట్టారు. అది బోరు. 50 సెంటీమీటర్ల దారం తీసుకున్నారు. నైరుతి మూల గుంట అనుకుని కొలిస్తే దారం చాలా మిగిలిపోయింది. 30 అడుగుల దూరమే ఉంది. వాయవ్యం మూలకు మారిస్తే దారం బిగువుగా సరిపోయింది. పడమట మిగిలిన జాగాలో, ఇంటి గోడకు ఎండ తగలకుండా ఒక వేపమొక్క పెట్టాలనుకున్నారు. దాని గుర్తుకు ఒక వేపరెమ్మ గుచ్చారు.

తరువాత ఆమె కాగితం ముక్కల మీద 'వంటిల్లు', 'వసారా', 'మంచం', 'బోరు' అని రాసి ఒక్కొక్కటీ దాని దాని చోట అతికించింది. 'మరుగుదొడ్డి' రాయడానికి మూడు కాగితాలు చింపింది.

వారం తరువాత మేస్త్రి వచ్చాడు. మూత ఎత్తి చూశాడు. స్కేలు తీసుకుని గుమ్మం కొలిచాడు, కిటికీ కొలిచాడు. "ఎవరమ్మా ఇది చేసింది?" అని అడిగి, మళ్ళీ నవ్వలేదు. అడ్డగోడ గుమ్మం మాత్రం ఇంకో అడుగు జరపమన్నాడు. గుమ్మం మరీ మూలకు ఉంటే పైన వేసే లింటెలుకు గోడ మీద ఆనిక చాలదట. అది పుల్లల ఇంట్లో తెలియని విషయం. జరిపారు.

మర్నాడు పుల్లల ఇంటిని జాగా మధ్యలో ఇటుక మీద పెట్టుకుని, దాన్ని చూస్తూ ముగ్గు పోశారు.

అసలు ఇల్లు లేచాక పుల్లల ఇల్లు అటక మీదికి పోయింది. దాని మూత గట్టిగానే ఉంది. ఎత్తితే, పడమటి గదిలో రేషన్ కార్డు, పట్టా కాగితం ఉంటాయి. వంటింట్లో కరెంటు బిల్లులు.